పాత గూచీ ఫ్లోరా స్కార్ఫ్: అసలుదేనా, మరక ఎలా తీయాలి?

మిలాన్‌లో ఉండే మా అక్క అక్కడి పాత సామాన్ల సంతలో ఒక పట్టు స్కార్ఫ్ కొని నాకు పంపింది. తెల్లటి బట్ట మీద రంగురంగుల పూలు, మధ్యలో సీతాకోకచిలుకలు, తూనీగలు, ఒక మూల గూచీ (ఇటలీ ఫ్యాషన్ కంపెనీ) పేరు. వెతికితే ఇది ఫ్లోరా డిజైన్ అని తెలిసింది. 1966లో మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ గూచీ వాళ్ల మిలాన్ షాపుకి వస్తే, ఆవిడకి కానుకగా ఇవ్వడానికి ఆ కంపెనీ కుటుంబానికే చెందిన రొడోల్ఫో గూచీ ఈ బొమ్మని విట్టోరియో అకోర్నెరో అనే చిత్రకారుడితో గీయించాడట, అందులో 37 రంగులట! ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ (రంగు దిగే జాలీ చట్రం) పెట్టి అచ్చువేసే రోజుల్లో 37 అంటే మాటలా?

నా డౌట్ ఏంటంటే, దీని అంచు లోపలికి చుట్టి చేత్తో కుట్టినట్టే ఉంది, కుట్లు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నాయి, అది మంచి గుర్తే అంటున్నారు గానీ వెనకవైపు రంగులు బాగా లేతగా ఉన్నాయి. నకిలీ అనుకోవాలా? లేబుల్ కూడా లేదు.

ఇంకోటి, మొన్న పెళ్లిలో దీనిమీద నూనె మరక పడింది. డ్రైక్లీనింగ్‌కి ఇవ్వాలంటే టెన్షన్, పోయినసారి ఒకాయన నా పట్టుచీర రంగు పోగొట్టాడు. ఇంట్లోనే తీసే పద్ధతి ఏమైనా ఉందా? అమ్మే ఉద్దేశం లేదు, నకిలీదైనా కట్టుకుంటాను, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.