హాకీ జోస్యాలకు మార్కులు ఎలా వేయాలి?

బరంపురం కొట్టు: 2023 ప్రపంచకప్‌కు ముందు క్యాలెండర్ వెనక రాసుకున్నాను. కప్పు బెల్జియంది, రన్నరప్ జర్మనీ, మన ఇండియా సెమీస్. మొన్న సర్దుతుంటే దొరికింది. ఫైనలిస్టులు ఇద్దరూ కరెక్టే, కప్పే తారుమారు. 3-3 అయ్యాక షూటౌట్‌లో 5-4తో జర్మనీ గెలిచింది. నాకు సున్నాయేనా?

పర్లాకిమిడి తమ్ముడు: సున్నా ఎందుకన్నా! రాసిన స్థానానికీ వచ్చిన స్థానానికీ తేడా చూడు. రెండు జట్లకూ ఒక్కోటే.

రాయగడ మావయ్య: మరి ఇండియా? తొమ్మిదో స్థానం కదా. అది జోస్యం కాదురా, మొక్కు.

బరంపురం కొట్టు: న్యూజిలాండ్ మీద 3-1తో ముందున్నాం మావయ్యా, తర్వాత స్కోరు సమమై షూటౌట్‌లో ఓడాం! షూటౌట్ టెన్షన్‌లో ఒలికిన టీ మరక ఇంకా ఆ కాగితం మీదే ఉంది, సరిగ్గా 'సెమీస్' మీద.