సువార్త చెప్పే ముందు మహిమానుభవం ఉండి తీరాలా?

ఒలీవకొమ్మ: అందరికీ వందనాలు. సంఘాల్లో రెండు మాటలు వినబడుతున్నాయి. ముందు దేవుని మహిమను చూడాలి, అప్పుడే నోరు తెరవాలి అని కొందరు. వెళ్లి చెప్పమని యేసు ఆజ్ఞ ఎప్పుడో ఇచ్చాడు, అనుభవం కోసం కూర్చోకూడదు అని కొందరు. మహిమకూ ధైర్యానికీ లంకె ఎక్కడుందో వాక్యంతో చెప్పండి.

సీయోనుబాట: చూపే ముందు. దేవుని సింహాసనాన్ని చూశాకే ప్రవక్త యెషయా నన్ను పంపమన్నాడు (6వ అధ్యాయం). పౌలుకు దమస్కు దారిలో వెలుగు ముందు, పని తర్వాత. శక్తి వచ్చేదాకా పట్టణంలోనే ఉండమని యేసు శిష్యులకూ చెప్పాడు (లూకా 24:49). చూడనివాడు దేనికి సాక్షి?

బెరయవాసి: మరి పేతురు సంగతేమిటి బ్రదర్? కొండమీద యేసు మహిమను కళ్లారా చూశాడు (లూకా 9:32). అదే పేతురు చలిమంట దగ్గర ఒక చిన్నది గుర్తుపడితే ఆయన్ని ఎరుగనన్నాడు. స్తెఫను వరుస కూడా చూడండి. అపొస్తలుల కార్యములు 7:2 నుంచి 53 దాకా 52 వచనాలు మాట్లాడాకే ఆకాశం తెరుచుకుంది. రాళ్లు పడబోయే వేళ దొరికిన ఊరట అది.

సీయోనుబాట: అదే పుస్తకంలో 6:15 వదిలేశారు. నోరు తెరవకముందే ఆయన ముఖం సభవాళ్లకు దేవదూత ముఖంలా కనబడింది. ప్రసంగం మొదలైందే "మహిమగల దేవుడు" అని.

మంటిఘటం: ఇద్దరూ మహిమను ఒక్కనాటి సంఘటనగానే చూస్తున్నారు. 2 కొరింథీ 3:12 నుంచి 4:7 దాకా 14 వచనాలు ఒక్క బిగిన చదవండి. అధ్యాయం మారిందని ఆగొద్దు, ఆ విభజన పౌలు పెట్టింది కాదు. 3:12లో "బహు ధైర్యముగా" అన్నచోట గ్రీకు మాట పర్రేసియ, అంటే దాపరికం లేకుండా మాట్లాడటం. అపొస్తలుల కార్యములు 4:13లో పేతురు యోహానుల గురించి వాడిందీ అదే మాట. గొంతు పెంచడానికీ దానికీ సంబంధం లేదు.

3:18లో మన తెలుగు బైబిల్ "అద్దమువలె ప్రతిఫలింపజేయుచు" అంటుంది. ఆ క్రియకు అద్దంలో చూడటం అనే అర్థమూ ఉంది. చూడనిది ప్రతిఫలించదు కాబట్టి రెండూ నాకు సమ్మతమే. ఎక్కడ చూడాలి? యేసుక్రీస్తు ముఖంలో (4:6), అంటే సువార్తల్లో. ఇంకొకటి, దేవునితో మాట్లాడి వచ్చిన మోషేకే తన ముఖం ప్రకాశిస్తున్నట్టు తెలియదు (నిర్గమ 34:29). లోపల ఏదో వెలుగుతున్నట్టు అనిపించాలని ఆగేవాళ్లు ఈ వచనం దగ్గర కాసేపు కూర్చోవాలి.

అనుభవాన్నే పట్టుకుంటే, మమ్మల్ని కాదు క్రీస్తునే ప్రకటిస్తున్నాం అనే 4:5 తప్పుతాం. సాక్ష్యమంతా "నేను, నాకు" అని సాగి, యేసు చనిపోయి లేచాడన్న మాట ఆమేన్‌కు ముందు హడావుడిగా వస్తుంది. ఫలితం కోసం తొందరపడితే, కుయుక్తిగా నడుచుకోం అనే 4:2 తప్పుతాం. స్వస్థత, ఉద్యోగం ఆశ చూపించడం కుయుక్తే.

గుండ్లకమ్మతీరం: ఆ చివరి మాటకు ఒంగోలే ఉదాహరణ. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ జూయెట్ దంపతులతో కలిపి ఐదుగురు కొండెక్కి ప్రార్థించారు. మరో మిషనరీ క్లౌ గారు ఒంగోలు చేరింది 1866లో. కరువులో బకింగ్‌హాం కాలువ పని చేయించిన ఆయన, తిండి కోసం వచ్చేవాళ్లు ఉంటారని, ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాతే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది.

ఒలీవకొమ్మ: సరే, రేపు పొరుగింటికి వెళ్లేవాళ్లు ఏం చేయాలి?

మంటిఘటం: అపొస్తలుల కార్యములు 4:24-30 ప్రార్థనను కొలవండి సిస్టర్. ఏడు వచనాల్లో ఐదు దేవుడెవరో చెప్పడానికే. అడిగింది రెండింటిలో, అదీ బెదిరింపులు ఆగాలని కాదు, ధైర్యంగా మాట్లాడాలని. మనం దీన్ని తిరగేస్తాం, అందుకే ప్రార్థన అయ్యాక కూడా భయం అలాగే ఉంటుంది. పావుగంట ఉంటే పది నిమిషాలు ఒక్క భాగం మీద ఉండండి. యోహాను 13లో యేసు తువాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, తనను అప్పగించబోయే యూదా ఉన్న ఆ గుంపు కాళ్లు కడుగుతున్నాడు. అక్కడ కనబడినదాన్ని బట్టే స్తుతించండి. మిగతా ఐదు నిమిషాలు ఆ మనిషి పేరు చెప్పి అడగండి. వెళ్లాక ఆ భాగమే చెప్పండి, వేరే ప్రసంగం వెతకొద్దు.

సీయోనుబాట: లూకా 24:49 మాట పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు దాకానే అని ఒప్పుకుంటాను. కానీ నిప్పు పెదవులకు తగిలాకే యెషయా వెళ్లాడు. ఆ పాపపు ఒప్పుకోలు మీ పావుగంటలో ఎక్కడ?

మంటిఘటం: భాగం చదివాక, పేరు ఎత్తకముందు. యెషయా కూడా రాజును చూశాకే తన అపవిత్రమైన పెదవుల సంగతి ఎత్తాడు (6:5).