కొబ్బరికాయ నిలబడితే నీళ్లున్నట్టేనా? పిల్లలకు తర్కం ఎక్కడ మొదలుపెట్టాలె?

పాలమూరు టీచర్:
తొమ్మిదో తరగతికి తర్కదోషాల పేర్ల పట్టిక వద్దు, బోరు పాయింటు చాలు. అరచేతిలో కాయ నిలబడ్డ చోట నీళ్లు పడతాయంటారు. పడ్డ బోర్లే లెక్కపెడితే ఏమీ తేలదు. నాలుగు గళ్లు గీయాలి: నిలబడి పడ్డవి, నిలబడి పడనివి, నిలబడకున్నా పడ్డవి, నిలబడక పడనివి. కాయ చూడకుండా వేసిన పదిట్ల ఏడు పడే ఊళ్లో, కాయ చూసి వేసినా ఏడే పడితే కాయ చేసిందేం లేదు.

నల్లగొండ న్యాయం:
పేర్లు తెల్వకుంటే తప్పు ఎక్కడుందో ఎట్ల పడతరు? పొగ ఉంటే నిప్పుంటది. నిప్పుంటే పొగ ఉండాలని లేదు, ఎర్రగా కాలిన ఇనుముకు పొగ రాదు. నిప్పుంది గనుక పొగ ఉంటదనుడు తప్పు. అది లేని చోట గూడ ఉండే గుర్తును పట్టుకొని తేల్చే ఈ తప్పునే న్యాయశాస్త్రంల, అంటే మన పాత తర్కంల, సవ్యభిచారం అంటరు. ఫ్లోరైడ్ ఎక్కువైతే పండ్లు గారపడతయి. గార ఉంది గనుక ఫ్లోరైడే అంటే అదే తప్పు, పొగాకు నమిలినా గారపడతయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా అని నీళ్లు పరీక్ష చేయించాలె.

దేవరకొండ రైతు:
కాయకు, పండ్లకు ఏం సంబంధమన్నా?

పాలమూరు టీచర్:
పేరు తెలిసినా చివరికి పరీక్షే దిక్కయింది కదా సార్.

నల్లగొండ న్యాయం:
పరీక్ష కావాలని చెప్పిందే ఆ సూత్రం!

దేవరకొండ రైతు:
అప్పు తెచ్చి బోరేసేది మేము. కాయ పట్టే పెద్దమనిషిని పిల్లల ముందట అబద్ధాలకోరు చేస్తరా? చదువుకున్నోళ్లు మమ్ములను తక్కువ జేసుడు కొత్తగాదు. జియాలజిస్టు చెప్పినయి గూడ ఎండినయి.

పాలమూరు టీచర్:
జియాలజిస్టు తప్పితే కాయ ఒప్పయిపోదు. ఆయన పాయింట్లకూ అవే నాలుగు గళ్లు. అబద్ధమని ఎవరన్నారు? చెయ్యి మనిషికే తెలియకుండా కదులుతుంది. తవ్వకుండానే చూడొచ్చు: కాయ మొదట నిలబడ్డ పాయింటు దగ్గర మేకు మట్టిలో కప్పి, కాయ పట్టే ఆయనకు గంతలు కట్టి, వేరే వేరే గట్ల నుంచి ఐదుసార్లు నడిపించాలి. గట్లు, సాళ్లు కాలికి తగలని చదును చేను కావాలి. మేకుకు ఎన్ని అడుగుల లోపు నిలబడితే ఒప్పో ముందే రాయాలి. తర్వాత రాస్తే ఎక్కడ నిలబడ్డా ఒప్పే అంటారు.

దేవరకొండ రైతు:
నడిపించుర్రి. పిల్లలను పిలువకుర్రి.

పాలమూరు టీచర్:
పిల్లలు చూడకపోతే పాఠమెక్కడిది?

నల్లగొండ న్యాయం:
మనకు తెగనిది ఇదన్నట్టు. పదిమందిల ఓడించాలని చేస్తే అది జల్పం. షరతులు ఆయనతోనే రాయించుకొని, ఆయన ఒప్పుకున్నంకనే పిల్లలను పిలిస్తే వాదం, నిజం తేల్చుకునే చర్చ.

దేవరకొండ రైతు:
మూడడుగులంటే ఆయన ఒప్పుకోడు. పది అంటడు.

పాలమూరు టీచర్:
పదే రాయండి. ఎకరం 43,560 చదరపు అడుగులు, మేకు చుట్టూ పదడుగుల గుండ్రం 314. ఊరికే అందులో పడే అవకాశం ప్రతిసారీ వందకు ఒకటి కన్నా తక్కువే.