శోభి మచ్చ మీద స్పర్శ తగ్గుతుందా?

నాన్నకు 58 ఏళ్లు. ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద మచ్చ, వేసవి నుంచి ఉంది. బొల్లిలా పాల తెలుపు కాదు, పక్క చర్మం కంటే లేత రంగు. దురద లేదు, గోటితో గీకినా పొట్టు రాలదు, తామరలా అంచు పైకి లేవలేదు. మందుల షాపులో శోభి అని క్లోట్రిమజోల్ ఇస్తే నెల రోజులు రెండు పూటలా రాశాం, ఏ మార్పూ లేదు. టెన్షన్ ఎందుకంటే, కళ్ళు మూయించి దూదితో తాకితే పక్కన వెంటనే చెబుతున్నారు, మచ్చ మీద మాత్రం తెలియట్లేదంటున్నారు, అక్కడ వెంట్రుకలూ పలచబడ్డాయి. కుష్ఠు అయినా ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం, నయమవుతుంది కూడా, సోమవారం తీసుకెళ్తున్నాం. ఈలోపు తెలిసినవాళ్ళు చెప్పండి, శోభిలోనూ ఇలా స్పర్శ పోతుందా?