ఒడిశా బరంపురంలో మన పద్య నాటకం: హాలు పోయింది, శనివారానికి మూడు రోజులే

కార్యదర్శి: పాసులు, జ్ఞాపికలు, భోజనాలు, స్వాగతం బోర్డు పనులు కాస్త పక్కనుంచండి. హాలు ఇవ్వబోమని హాలువాళ్లు చెప్పేశారు. మంట, పొగ సీన్లు లేకుండా, పదికల్లా ఖాళీ చేసే ఆటలకే ఇస్తారట. అడ్వాన్సు 8,000 కూడా తిరిగివ్వరట. నాటకం ఆడే ట్రూపుకింకా చెప్పలేదు. ఈ నెలలో వాళ్లకి దొరికింది మన ఆటొక్కటే.

స్టేజీ మాస్టారు: గుడి వెనక స్థలముంది. టెంటుహౌసు వాడికి 24×20 అడుగుల స్టేజీ చెప్పండి, ఎత్తు మూడడుగులు. పైన వెదురొద్దు, ఇనుప పైపు కట్టాలి. దర్బారు తెర బరువుకి వెదురు నడుమ వంగి, తెర సగంలో ఇరుక్కుంటుంది. పలకల మీద కార్పెట్ లేకపోతే అడుగేసినప్పుడల్లా మైకులో డబడబే.

కోశాధికారి: అసలు చిక్కు అక్కడే. 2000 నాటి శబ్ద నియమాల్లో రాత్రి పది గంటల అడ్డు మూసిన హాళ్లకి లేదు, ఆరుబయటకే. పన్నెండు దాకా సడలింపు ప్రభుత్వమే ఇవ్వాలి, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఇప్పుడయ్యే పని కాదు. పదిలోపు మైకుకీ రాతపూర్వక అనుమతి కావాలి. దరఖాస్తు ఒడియాలో ఎవరు రాస్తారు?

లైట్లు, సౌండు: 15 కేవీఏ జనరేటరు మోసేది సుమారు 12 కిలోవాట్లు. వెయ్యి వాట్ల హాలోజన్లు పన్నెండు పెడితే అక్కడికే సరి. నాలుగు చాలు, మిగతావి ఎల్‌ఈడీ. సౌండుకి గుడి కరెంటు వేరుగా లాగుతా, లేకుంటే లైట్లు తగ్గించే డిమ్మరు తిప్పితే స్పీకర్లు బుర్రుమంటాయి.

యువజన విభాగం: ఐదు గంటల నాటకం ఆరున్నరకి మొదలెడితే పదికెలా అవుద్ది? పద్యాలు సగం కోసేద్దాం.

స్టేజీ మాస్టారు: పద్యాలు కోసేస్తే ఇంకేటి మిగులుద్ది బాబూ? ఆ కుర్రాడికి కృష్ణుడి వేషం ఇదే మొదలు. రికార్డింగ్ డాన్సు అనుకున్నావా?

యువజన విభాగం: ఫిర్యాదొస్తే ఆంప్లిఫయర్ పట్టుకుపోతారు మాస్టారూ. అప్పుడు కట్టేది మీరా?

కార్యదర్శి: ఇద్దరూ కాస్త ఆగండి.

హార్మోనియం: పద్యం ముట్టుకోకండి, ఆలాపన కొయ్యండి. ఒక్కోదానికి నాలుగు నిమిషాల రాగం తీస్తున్నారు, ఒకటిన్నర చాలు. నలభై పద్యాలకి వంద నిమిషాలు మిగులుతాయి, పదికి పది నిమిషాల ముందే తెర దించొచ్చు. 'ఒన్స్ మోర్' అని అరిచినా రెండోసారి పాడొద్దు. కృష్ణుడు పాడే స్థాయి ఐదు శృతి, అర్జునుడిది నాలుగున్నర. మిగతావాళ్ల శృతులు కాగితం మీద రాసి పంపండి, రిహార్సలుకి టైము లేదు. మంచుకి తబలా తోలు సడలి శృతి దిగుతుంది, తోలు బిగించే సుత్తి మర్చిపోవద్దు.

యువజన విభాగం: మాట జారాను మాస్టారూ. గుడి కమిటీ దగ్గరికి నేనే వెళ్తా, ఒడియా దరఖాస్తూ నేనే రాస్తా.

స్టేజీ మాస్టారు: పొగ సీను తీసేశాను. ఆరుబయట గాలికి పొగ నిలవదు, దండగ.

కోశాధికారి: ట్రూపు డబ్బు తగ్గించొద్దు. భోజనాల బదులు పులిహోర పొట్లాలు. 150 మందికి 15 కిలోల బియ్యం.

కార్యదర్శి: ఆడవాళ్ల మేకప్‌కి గుడి వంటశాల ఇస్తారట. తలుపుకి గడియ లేదు, రేపే ఎవరైనా పెట్టించండి.