పసుపు పువ్వులది గుంటగలగరేనా?

పెరటితోట (విజయనగరం):
నర్సరీలో గుంటగలగర అడిగితే పసుపు పువ్వులు పూసే తీగ ఇచ్చారు. వానలు పడ్డాక కుండీ దిగి తులసికోట చుట్టూ అల్లుకుంది. ఆకు నిగనిగలాడుతోంది, చాలా ఆకులకు పక్కల రెండు కోణాలు ఉన్నాయి. తలనూనెలో వేయవచ్చా?

చీపురుపల్లి మాస్టారు:
వేయకండి. గుంటగలగర (ఎక్లిప్టా ప్రోస్ట్రాటా) తెల్లగా పూస్తుంది. పువ్వు చిటికెన వేలి గోరంత, చుట్టూ సన్నని పొట్టి రేకులు. కాండం ఎర్రబారి ఉంటుంది, ఆకు గరుకు. ఆకు నలిపితే కాసేపటికి వేళ్లు నల్లబడతాయి. మీది అందం కోసం పెంచే స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా, అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల మొక్క. నలిపి చూడండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
పసుపు గుంటగలగర లోకంలోనే లేదన్నట్టు తీర్పు చెప్పేశారు మాస్టారు. ఆయుర్వేదంలో పీతభృంగరాజం అన్నది ఏమిటి మరి? మా నాయనమ్మ పొలం గట్టున తెల్లది, చెరువు పక్కన పసుపుది కోసి రెండూ కలిపే నూనె కాచేది.

చీపురుపల్లి మాస్టారు:
లేదని నేను ఎక్కడ అన్నాను? మీరు చెప్పేది ఈవిడ తీగకు దగ్గరి చుట్టం, స్ఫాగ్నెటికోలా కాలెండ్యులేసియా. దాని ఆకు సన్నగా, పొడవుగా ఉంటుంది, కోణాలు ఉండవు. ఈవిడ ఆకుకు కోణాలు ఉన్నాయని ఆవిడే రాశారు. ఇంతకీ నలిపారా అమ్మా?

పెరటితోట:
నలిపానండీ. పచ్చగానే ఉంది.

ఊరికే చదివేవాడు:
అన్నీ చామంతి కుటుంబమే కదా, ఏదైతే ఏమిటి?

చీపురుపల్లి మాస్టారు:
వయ్యారిభామ కూడా ఆ కుటుంబమే. రాసుకుని చూడండి, ఒళ్లంతా దద్దుర్లు.

టెక్కలి చెల్లెలు:
మా సంతలో గడ్డి చామంతిని గుంటగలగర అని కట్టలు కట్టి అమ్ముతున్నారు. పొడవాటి కాడ మీద ఒకే పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ ఐదారు తెల్లటి రేకులు కనిపిస్తే కొనకండి.

నాగావళి గట్టు:
ఆకు కోణాలు తర్వాత కొలుచుకుందాం. జనం నర్సరీకీ సంతకూ ఎందుకు పోతున్నారు? మా పొలం గట్టు నిండా తెల్లది ఉండేది. పక్క మడి కౌలుదారు 2,4-డి కలుపు మందు కొట్టిస్తూ మా గట్టునూ తడిపించాడు. మడిలో కలుపుతో పాటు గట్టు మీద ఆకన్నది మిగల్లేదు. అడిగితే ‘గట్టు శుభ్రం చేశాను, సంతోషించు’ అన్నాడు.

చీపురుపల్లి మాస్టారు:
మీ కౌలుదారు గొడవకూ ఈవిడ తీగకూ ఏమిటి సంబంధం? వరిలో గుంటగలగర కలుపే. గట్టున వదిలేస్తే గింజ రాలి మడిలోకి వస్తుంది. ఊడ్పులయ్యాక కలుపు తీయడానికి మనుషులు దొరుకుతున్నారా? నా గట్టునైనా మందే కొట్టిస్తాను. అసలు సంగతి చెప్పండి, మీరు నూనె సీసాలు అమ్ముతారు. అందుకే పసుపుదైనా చెల్లుతుందని వాదన.

నాగావళి గట్టు:
అమ్ముతాను, దాపరికం లేదు. సీసాలో పోసేది తెల్లదే, గట్టున దొరక్క కుండీల్లో పెంచుకుంటున్నాను. మీరేమో గట్టున చంపిస్తారు, ఇక్కడికొచ్చి రేకులు లెక్కపెట్టి పాఠం చెబుతారు. మొక్కను గుర్తుపట్టడం అంత బాగా తెలిసినవారు దాన్ని ఒక్క గజం గట్టు మీద బతకనివ్వలేరా?

చీపురుపల్లి మాస్టారు:
ఆ గజం నాది. అందులో వచ్చే నష్టమూ నాదే. మీ సీసా డబ్బులో నాకు వాటా లేదు.

టెక్కలి చెల్లెలు:
ఇద్దరూ మంచినీళ్లు తాగండి.

పెరటితోట:
నా తీగను ఏం చేయమంటారో ఎవరైనా చెప్పండి. మెట్ల దాకా వచ్చేసింది.

చీపురుపల్లి మాస్టారు:
నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పెకలించండి. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది, తెగిన ముక్క చాలు మళ్లీ మొలవడానికి. కాలువలో పారేయవద్దు, గచ్చు మీద బాగా ఎండనివ్వండి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) వారి 100 అతి చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో ఉన్న మొక్క ఇది.

నాగావళి గట్టు:
ఈ ఒక్కటీ మాస్టారు సరిగ్గా చెప్పారు. తెల్లదాని గింజలు కావాలంటే చిరునామా పంపండమ్మా, ఊరికే ఇస్తాను. తడి మట్టి పైన చల్లండి, మట్టి కప్పవద్దు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. మాస్టారి మడి దరిదాపుల్లో మాత్రం చల్లకండి.