క్యూజీఐఎస్ ఫిల్టర్‌లో 950 వస్తోంది, 12000 రావట్లేదు

అందరికీ నమస్కారం. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో నల్గొండ జిల్లా ఊళ్ల మ్యాప్ చేస్తున్నాను. ఊళ్ల పక్కన 2011 జనగణన అంకెలు కలిపిన జియోప్యాకేజీ (మ్యాప్ డేటా దాచే ఫైల్ రకం) లేయర్ ఉంది. ఐదు వేలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లు మాత్రమే కనపడాలని లేయర్ ఫిల్టర్‌లో ఇలా రాశాను:

"జనాభా" >= 5000

950 మంది ఉన్న ఊరు దర్జాగా కూర్చుంది, 12000 ఉన్నది మాయం! చూస్తే ఆ కాలమ్ టెక్స్ట్ రకం. అంటే మొదటి అక్షరం చూసి 9 పెద్దది, 1 చిన్నది అనుకుంటోందన్నమాట. చిత్రమేమిటంటే, ఇదే షరతు 'సెలెక్ట్ బై ఎక్స్‌ప్రెషన్'లో (షరతుకు సరిపోయే వరుసల్ని ఎంచే చోట) ఇస్తే కామాలు లేని వరుసలు సరిగ్గానే వస్తున్నాయి.

ఫిల్టర్‌లో కాస్ట్ (CAST, టెక్స్ట్‌ను అంకెగా మార్చేది) వాడితే చాలావరకు కుదిరింది. కానీ కొన్ని గడుల్లో 12,450 అని కామాతో ఉంది, దాన్ని కామా దగ్గరే కోసేసి 12 అంటోంది. ఫిల్టర్‌లోనే కామా తీసేయడానికి రీప్లేస్ (REPLACE) కూడా తగిలించాలా, లేక ఫీల్డ్ కాలిక్యులేటర్‌తో ఇంటీజర్ (పూర్ణాంకాల) కాలమ్ కొత్తగా చేసుకోవడమే మేలా? నా దగ్గరున్న ఈ పట్టిక మళ్లీ మళ్లీ మారుతుంటుంది, అందుకే తటపటాయింపు.

ఇంకొకటి. "మండలం" <> 'చండూరు' అని (చండూరు కానివన్నీ రావాలని) రాస్తే మండలం పేరు ఖాళీగా (నల్) ఉన్న ఊళ్లు కూడా ఎగిరిపోతున్నాయి. అవి నాకు కావాలి. ఆర్ (OR) పెట్టి ఈజ్ నల్ (IS NULL) అని విడిగా చేర్చడం తప్ప వేరే దారి ఉందా? ఇలాంటి షరతులు పదిహేను దాకా ఉన్నాయండీ, ప్రతిదానికీ తోక తగిలించాలంటే విసుగ్గా ఉంది.